నీళ్ళ లెక్కలోకి మనుషులు: ఉమ్మడి భూగర్భ జలాల ఆట, ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

భూగర్భ జలాల నివేదిక ఏది తెరిచినా రాతి పొరలు, వాన లెక్క, నీటి మట్టం గ్రాఫులే ముందుంటాయి. ఆ నీళ్ళు తోడే మనుషులు చివరి పేజీల్లో వస్తారు. అప్పుడు కూడా వాళ్ళకి "అవగాహన కల్పించాలి" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. మట్టం ఎందుకు పడిపోతోంది అన్న ప్రశ్నకి సగం జవాబు ఆ మనుషుల దగ్గరే ఉందని నా గట్టి నమ్మకం. ఎవరు ఎవరిని నమ్ముతారు, తోడుకునే హక్కు ఎవరిది, మాట తప్పినవాణ్ణి ఎవరు నిలదీస్తారు అన్నవి కూడా వాన, రాయి లాంటివే. కొలవడం కష్టం, అంతే తేడా.

ముగ్గురం కలిసి ఈ పని మొదలుపెట్టాం. ఒకరు హైడ్రోజియాలజిస్టు, అంటే భూగర్భ జలాల నిపుణుడు, ఒకరు ప్రోగ్రామర్, నేను సోషియాలజీ నుంచి వచ్చినదాన్ని. రెండు వస్తువులు తయారుచేస్తున్నాం. ఒకటి ఐదుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. రెండోది అవే నియమాలతో నెట్‌లోగో అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన కంప్యూటర్ మోడల్. బల్ల మీద మనుషులు చేసేది, మోడల్లో బొమ్మ మనుషులు చేసేది పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఎక్కడ విడిపోతాయో అక్కడే సామాజిక శాస్త్రాల అవసరం మొదలవుతుంది.

ఈ ఆలోచన మాకే మొదట వచ్చిందేమీ కాదు. భూగర్భ జలాల ఆటల్ని ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రైతులతో ఆడించి, ఆ అనుభవాన్ని 2016లో పరిశోధకులు ప్రచురించారు. మా ఆట మాత్రం ముందుగా ఇంజనీర్లతో, అధికారులతో ఆడించడానికి. వాళ్ళ లెక్కల్లోకే మనుషులు రావాలి కాబట్టి.

నియమాలు, మొదటి రూపం

బల్ల మధ్యలో గిన్నె, అందులో 50 నీలి బిళ్ళలు. అదే అందరి ఉమ్మడి నీరు. ప్రతి రౌండులో ఒక్కొక్కరు రెండు పంటల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆరుతడి పంటకి 1 బిళ్ళ నీరు కావాలి, ఆదాయం 2. తరి పంటకి 3 బిళ్ళలు కావాలి, ఆదాయం 5. రౌండు చివర వాన వల్ల 7 బిళ్ళలు గిన్నెలో చేరతాయి. నిల్వ 30 కంటే తగ్గితే నీళ్ళు లోతు నుంచి తోడాలి కాబట్టి బిళ్ళకి 1 చొప్పున ఖర్చు పడుతుంది. అప్పుడు తరి మీద మిగిలేది 2, ఆరుతడి మీద 1.

కాగితం మీద లెక్క వేశాం. ఐదుగురూ తరి వేస్తే రౌండుకి 15 పోతాయి, 7 వస్తాయి. ఐదు రౌండ్లు నడుస్తుంది, ఆరో రౌండుకి 10 బిళ్ళలే మిగులుతాయి. అదే ఒక్కరు తరి, నలుగురు ఆరుతడి వేస్తే పోయేది 7, వచ్చేది 7. నిల్వ 50 దగ్గరే నిలుస్తుంది. వంతులు వేసుకుంటే ఐదు రౌండ్లలో ప్రతి ఒక్కరికీ ఒకసారి తరి దక్కుతుంది.

ఆదాయం పోల్చి చూస్తే నన్ను ఆపిన అంకె కనపడింది. మొదటి ఐదు రౌండ్లు అందరూ తరి వేసి, ఆరో రౌండులో మిగిలిన 10 కూడా తోడేసి, ఆ తర్వాత వంతుల క్రమశిక్షణలోకి వచ్చారనుకుందాం. పది రౌండ్లకి వాళ్ళందరి మొత్తం 126. మొదటి నుంచీ వంతులు పాటించినవాళ్ళ మొత్తం 130. తేడా నాలుగే! ఇరవై రౌండ్లు నడిపితే 186 ఒకవైపు, 260 మరోవైపు. పది రౌండ్ల వరకే చూసేవాడికి నీళ్ళు ఖాళీ చేయడం పెద్ద నష్టంగా కనిపించదు. అప్పు తీర్చాల్సినవాడు, కౌలుకి చేసేవాడు, వచ్చే ఏడు ఈ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ఎన్ని రౌండ్ల వరకు చూడగలడు? "ముందుచూపు లేదు" అని వాళ్ళని తీసిపారేసే ముందు వాళ్ళ భద్రత ఎంత కాలానికి ఉందో అడగాలి. అది నీటి శాస్త్రం ప్రశ్న కాదు. కౌలు చట్టాలు, రుణాలు, వారసత్వాల ప్రశ్న.

మోడల్లో బొమ్మ మనుషులు

మొదటి కోడ్‌లో ప్రతి ఏజెంటూ, అంటే ప్రతి బొమ్మ మనిషీ, తన లాభమే చూసుకుంటాడు. ఊహించినట్టే ఐదుగురూ తరి వేస్తారు, గిన్నె ఖాళీ. 1954లో ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ చేపల వేట మీద, 1968లో జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఉమ్మడి పచ్చిక మీద చెప్పినది ఇదే: అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందని. హార్డిన్ వ్యాసం ఎంత బలంగా పాతుకుపోయిందంటే, వనరుల నిర్వహణ అంటే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలి, లేదా ప్రైవేటుకి పంచెయ్యాలి అన్న రెండే దారులు చాలామందికి కనిపించాయి. ఏ నిర్వహణా లేని ఉమ్మడి ఆస్తి గురించే తన మాట అని ఆయనే 1998లో సవరించుకోవాల్సి వచ్చింది.

ఎలినార్ ఆస్ట్రమ్ చేసింది చాలా సూటైన పని. నిజంగా ఉమ్మడిగా వనరుల్ని కాపాడుకుంటున్న చోట్ల ఏం జరుగుతోందో వెళ్ళి చూసింది, ఇతరులు చూసి రాసినవి వందల కొద్దీ పోగుచేసింది. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే పల్లెలో 1517 నాటి కట్టుబాటు ఒకటుంది. చలికాలమంతా తను మేపగలిగినన్ని ఆవుల్నే ఎవరైనా కొండ మీది పచ్చికకి తోలాలి. ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయో ఊరందరికీ తెలుసు కాబట్టి తనిఖీకి వేరే ఖర్చు లేదు. రాజనీతి శాస్త్రం చదివిన ఆస్ట్రమ్‌కి 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మా ప్రోగ్రామర్ అడిగిన ప్రశ్న ఇది: "సరే, అయితే ఏజెంట్లు ఎలా ఆలోచించాలో అంకెల్లో చెప్పండి." న్యాయమైన ప్రశ్నే. 2001లో ఫిష్‌బాకర్, గాక్టర్, ఫెర్ ప్రచురించిన ప్రయోగం అందుకు పనికొచ్చింది. అందులో ఉమ్మడి నిధికి ఎంత ఇవ్వాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. దాదాపు సగం మంది "మిగతావాళ్ళు ఇస్తే నేనూ ఇస్తా" అనే రకం. దాదాపు మూడోవంతు ఏమీ ఇవ్వకుండా లాభం పొందేవాళ్ళు. అది విద్యార్థులతో, ప్రయోగశాలలో జరిగింది. అన్ని చోట్లా అదే నిష్పత్తి అనుకోకూడదు, అందుకే మోడల్లో దాన్ని మార్చుకునే వీలు పెట్టాం. అయినా ఒక్క మార్పుతో మోడల్ స్వభావమే మారిపోయింది. అవే నీళ్ళు, అదే వాన. మొదటి రౌండులో ఎవరు ఏం వేశారన్నదాన్ని బట్టి కొన్నిసార్లు గిన్నె నిండుగా ఉంటుంది, కొన్నిసార్లు ఖాళీ అవుతుంది. హైడ్రోజియాలజిస్టు ఆ గ్రాఫుల్ని చాలాసేపు చూశారు. ఒకే జలాశయం రెండు భవిష్యత్తులు చూపించడం ఆయన మోడళ్ళలో వాన మారితేనే జరుగుతుంది.

మాట్లాడుకోనిస్తే

బల్ల మీద ఆటని మొదట మాటల్లేకుండా ఆడించాం. తర్వాత ప్రతి రౌండు ముందూ కాసేపు మాట్లాడుకునే వీలిచ్చాం. ఒప్పందం తప్పితే శిక్ష ఏమీ లేదు. సిద్ధాంతం ప్రకారం ఇలాంటి ఉత్త మాటలతో ఏమీ మారకూడదు. ఆస్ట్రమ్, వాకర్, గార్డ్‌నర్ 1992లో చూపించింది ఇందుకు వ్యతిరేకం. శిక్ష అనే కత్తి లేని ఒప్పందాలు కూడా చాలావరకు నిలబడ్డాయి. మాటల్లేకుండా శిక్షించే వీలు మాత్రమే ఇచ్చినప్పుడు వచ్చిన లాభాన్ని శిక్షల ఖర్చే తినేసింది.

మా బల్ల దగ్గరా మాటలు మొదలవగానే ఎవరో ఒకరు "వంతులేసుకుందాం" అంటారు. దాదాపు ప్రతి బృందంలోనూ ఆ మాట వచ్చింది. అక్కడి నుంచి చర్చ నీళ్ళ మీద సాగదు. మొదటి వంతు ఎవరిది? కిందటి రౌండులో ఇప్పటికే తరి వేసుకున్నవాళ్ళ సంగతేంటి? ఇవి తేలకపోతే ఒప్పందం లేదు. మొదటి వంతు చీటీ వేసి తేల్చిన బృందాల్లో ఒప్పందం నిలిచింది. గొంతు పెద్దదిగా ఉన్నవాళ్ళు తీసేసుకున్నచోట రెండు మూడు రౌండ్లలో చెడింది. ఇది నా పరిశీలన మాత్రమే, గణాంకం కాదు. ఆడించేవాళ్ళ చేతి పుస్తకంలో "మొదటి వంతు ఎలా తేలిందో రాసుకోండి" అన్న గడి చేర్చాను.

చివరి రౌండు ఏదో ముందే చెప్పకూడదని కూడా నిర్ణయించాం. చెబితే ఒకాయన అన్న మాటే అందరి మనసులోనూ ఉంటుంది: "ఇంకా రెండు రౌండ్లేగా, ఇప్పుడు వదులుకుంటే నాకేం మిగుల్తుంది?"

జరిమానా పెట్టి చూశాం

ఇంజనీర్లతో ఆడించినప్పుడు ఎక్కువగా వచ్చే సూచన జరిమానా. మాట్లాడుకోవడం తీసేసి, బయటి అధికారి ఒకరిని పెట్టి, పాచిక వేసి ఒక అంకె పడ్డప్పుడే తనిఖీ చేసి, వంతు కాకుండా తరి వేసినవారికి 2 కోత పెట్టాం. వెంటనే లెక్కలు మొదలయ్యాయి. "ఆరుసార్లలో ఒకసారి దొరుకుతా, దొరికితే 2 పోతుంది, దొరక్కపోతే 3 ఎక్కువ వస్తుంది." అంతవరకు తప్పుగా ఉన్న పని ఇప్పుడు ధర కట్టిన పని అయింది.

దీనికి దగ్గరి ఉదాహరణ వనరుల రంగం బయట ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది పిల్లల సంరక్షణ కేంద్రాల్లో నీజీ, రస్టికీని చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. ఆరు కేంద్రాల్లో ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితి తిరిగి రాలేదు. వనరుల రంగంలోనే చెప్పాలంటే, అదే ఏడాది కార్డెనాస్, ఆయన సహచరులు కొలంబియా గ్రామీణులతో అడవి వాడకం మీద చేసిన ప్రయోగం ఉంది. అరుదైన తనిఖీతో బయటి నుంచి పెట్టిన నియమం మొదట్లో పనిచేసినట్టే కనిపించి, పోనుపోను జనాన్ని తమ సొంత లాభం వైపే నెట్టింది. మాట్లాడుకునే వీలున్న బృందాలే మెరుగ్గా నడిచాయి.

శిక్షే వద్దని కాదు నేననేది. ఆస్ట్రమ్ చెప్పిన ఎనిమిది సూత్రాల్లో మెట్టు మెట్టుగా పెరిగే శిక్ష ఒకటి. మొదటిసారి నలుగురి ముందు అడగడం, మళ్ళీ చేస్తే చిన్న జరిమానా కట్టించడం, పదేపదే చేస్తే పెద్దది. కనిపెట్టేవాళ్ళు కూడా వాడుకునేవాళ్ళలోంచే రావాలి, లేదా వాళ్ళకి జవాబుదారీగా ఉండాలి. ఆటలో శిక్షని ఆటగాళ్ళే నిర్ణయించుకునే రూపం ఇప్పుడు పెట్టాం. చాలా బృందాలు మేం పెట్టినదానికంటే తక్కువ శిక్షే పెట్టుకున్నాయి, ఎక్కువగా పాటించాయి.

లోతైన బావి, లోతులేని బావి

ఈ రూపం మీదే ఎక్కువ పని చేశాం, ఇంకా చేస్తున్నాం. అప్పటిదాకా ఐదుగురూ సమానం. ఎక్కడా అలా ఉండదు. అందుకని ఇద్దరికి లోతైన బావులు, ముగ్గురికి లోతులేనివి ఇచ్చాం. నిల్వ 20 కంటే తగ్గితే ఆ ముగ్గురికీ నీళ్ళందవు.

అందరూ తరి వేస్తూ పోతే ఐదో రౌండుకి నిల్వ 18. ముగ్గురూ ఆగిపోతారు. ఇద్దరు మాత్రం తరి వేస్తూనే ఉంటారు: రౌండుకి 6 తోడతారు, 7 చేరతాయి. నిల్వ ఒక్కొక్కటే పెరిగి 20కి వస్తుంది. ముగ్గురూ మళ్ళీ ఒక్క రౌండు తరి వేయగానే 12కి పడుతుంది. మళ్ళీ ఎనిమిది రౌండ్లు ఎదురుచూపు. తొమ్మిది రౌండ్లకి ఒక్క పంట!

దీని గ్రాఫు ఎలా ఉంటుందో చూడండి. నీటి మట్టం 12కీ 20కీ మధ్య ఊగుతుంది, అంతకంటే పడిపోదు. మట్టం మాత్రమే కొలిచేవాళ్ళు "స్థిరపడింది" అని రాస్తారు, నిజంగానే స్థిరపడింది. ముగ్గురి వ్యవసాయం పోయింది కాబట్టి స్థిరపడింది. హైడ్రోజియాలజిస్టు దీన్ని చూశాక తన నివేదికల నమూనాలో ఒక వరస చేర్చారు: మట్టం ఎంత అన్నదాని పక్కన, ఎన్ని బావులు ఇంకా పనిచేస్తున్నాయి, అవి ఎవరివి. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా వచ్చిన మంచి ఫలితం అదే.

లోతైన బావి ఉన్నవాళ్ళకి ఒప్పందం అవసరమే కనపడదు. బల్ల దగ్గర వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, తొందర లేదంతే. అయితే వాళ్ళకీ ఖర్చు పడుతోంది, రౌండుకి 5 రావాల్సినచోట 2 వస్తోంది. ఆ అంకె వాళ్ళ ముందు పెట్టినప్పుడు మాటలు మొదలయ్యాయి. రాబర్ట్ వేడ్ కర్నూలు ప్రాంతంలోని కాలవ గ్రామాల్ని అధ్యయనం చేసి 1988లో ప్రచురించిన విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కాలవ చివర ఉన్న, నీటి ఎద్దడి ఎక్కువగా ఉన్న గ్రామాలే ఉమ్మడిగా నీరుగంట్లని, అంటే నీళ్ళు పంచేవాళ్ళని, పొలం కావలివాళ్ళని పెట్టుకున్నాయి. నీళ్ళు సులువుగా అందే పై గ్రామాల్లో అలాంటి ఏర్పాటు అంతగా లేదు. ఒకే కాలవ, ఒకే సంస్కృతి, ఒకే చట్టం. తేడా అవసరంలో ఉంది. "ఈ ఊరి జనంలో ఐకమత్యం లేదు" అనే మాట వినపడినప్పుడల్లా నాకు ఆ కాలవ గుర్తొస్తుంది.

ఎవరు కూర్చుంటారన్నదాని గురించి కూడా రాయాలి. నిర్ణయాలు తీసుకునే కమిటీలో ఎవరున్నారన్నది మర్యాదకి సంబంధించిన విషయం కాదు, వనరు స్థితినే మారుస్తుంది. గుజరాత్, నేపాల్‌లలోని అటవీ సంఘాల మీద ఆర్థికవేత్త బీనా అగర్వాల్ చేసిన పరిశోధనలో, కార్యవర్గంలో ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్నచోట అడవి పరిస్థితి బాగా మెరుగుపడింది. కట్టెల కోసం రోజూ అడవికి వెళ్ళేవాళ్ళకి ఏ దారిన ఎవరొస్తారో తెలుస్తుంది. నియమం చేసినప్పుడు అక్కడ లేనివాళ్ళు ఆ నియమాన్ని పాటించాలని ఎందుకనుకుంటారు?

అడిగే పద్ధతి

ఆట అయ్యాక ఆడినవాళ్ళతో విడివిడిగా మాట్లాడుతున్నాం. "మీరు నీళ్ళు పొదుపు చేస్తారా?" అని అడిగితే అందరూ చేస్తామనే అంటారు. దాని బదులు "ఈమధ్య వంతు తప్పింది ఎవరు? అప్పుడేం జరిగింది?" అని అడుగుతున్నాం. పేర్లు రాసుకోం. జరిగిన సంఘటన చెప్పేటప్పుడు నియమం, కనిపెట్టడం, శిక్ష, క్షమించడం అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి. ఇంటి యజమానిని మాత్రమే అడిగే అలవాటు మానేశాం. నీళ్ళు పెట్టేది ఒకరు, సర్వేలో జవాబు చెప్పేది ఇంకొకరు అయితే వచ్చే సమాచారం ఎందుకూ పనికిరాదు.

జనం చెప్పింది డేటా కాదని కొట్టిపారేస్తే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూపించింది. తీరం దగ్గర వేటాడే జాలర్లు 1980లలోనే కాడ్ చేపలు తగ్గిపోతున్నాయన్నారు. అధికారిక అంచనాలు పెద్ద ట్రాలర్లకి పడే చేపల మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. ట్రాలర్లు మిగిలిన గుంపుల్ని వెతుక్కుంటూ వెళ్ళగలవు కాబట్టి వాటి వలలు నిండుతూనే ఉన్నాయి. 1992 జులైలో వేట నిషేధించాల్సి వచ్చింది, వేలాది కుటుంబాల బతుకుతెరువు పోయింది.

సమస్య ఏమిటో నిర్వచించే దశలోనే సామాజిక శాస్త్రం ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం గినీ దేశంలోని కిస్సిడుగు. గడ్డి మైదానాల మధ్య ఊళ్ళ చుట్టూ అడవి గుంపులుగా కనిపిస్తే, అవి నరికివేతల తర్వాత మిగిలిన ముక్కలని అధికారులు దశాబ్దాల పాటు నమ్మారు. జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే మానవ శాస్త్రవేత్తలు పాత విమాన ఫోటోలు తీసి చూశారు, ఊరి పెద్దల్ని అడిగారు. ఆ అడవుల్ని పెంచింది ఊళ్ళవాళ్ళే! అడవిని పెంచినవాళ్ళనే అడవి నాశనం చేస్తున్నారని శిక్షిస్తూ వచ్చారు. సమస్యనే తిరగేసి చూశాక ఎంత కచ్చితంగా కొలిచినా ఏం లాభం?

ఇప్పుడు బల్ల మీద ఉన్నది

బాలిలో సుబక్‌లు, అంటే నీళ్ళు పంచుకునే రైతు సంఘాలు, ఏ వాలులో ఎప్పుడు నాటాలో నీటి గుడుల ద్వారా తేల్చుకునేవి. 1970లలో హరిత విప్లవం పేరుతో వీలైనన్నిసార్లు పంట వేయమన్నారు, ఆ వరస చెదిరింది, పురుగు విజృంభించింది. మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రీమర్ కలిసి రెండు నదుల మీది 172 సుబక్‌లతో కంప్యూటర్ మోడల్ చేశారు. నీటి కొరత, పురుగు బెడద రెండింటినీ తూచితే గుడుల స్థాయిలో సమన్వయమే మేలైన దిగుబడి ఇస్తుందని తేలింది. మా మోడల్‌కి దాని నుంచే ఒక పాఠం తీసుకుంటున్నాం. ఒక్క గిన్నెతో ఆగకుండా, ఒకదాని నీళ్ళు ఇంకోదానికి ఊరే మూడు గిన్నెలు పెట్టి, ప్రతి గిన్నెకీ ఒక బృందాన్ని కూర్చోబెట్టాలి. తన గిన్నెని చక్కగా కాపాడుకున్న బృందం పక్క బృందం తోడుకోవడం వల్ల నష్టపోతే ఎవరితో మాట్లాడాలి, ఏ హోదాలో మాట్లాడాలి అన్నది చూడాలి.

దానికి ముందు రెండు పనులు మిగిలి ఉన్నాయి. వానకి 7 అన్న స్థిర అంకె తీసేసి పాచిక పెట్టాలి. కరువు రౌండులో వంతు ఉన్నవాడు వదులుకోవాలా, లేక తర్వాత తిరిగి ఇస్తారా అన్నది ఒప్పందాల్ని బాగా పరీక్షిస్తుంది. రెండోది, ఆట మధ్యలో ఒకరు లేచి వెళ్ళి కొత్తవారు రావాలి. పాత ఒప్పందం కొత్త మనిషికి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు, వాళ్ళు ఎంత త్వరగా నమ్ముతారు అన్నది రికార్డు చేయడానికి చేతి పుస్తకంలో పేజీ సిద్ధం చేశాను. ప్రోగ్రామర్ కోడ్‌లో కొత్త ఏజెంటుకి మొదటి రౌండు నమ్మకం ఎంత పెట్టాలో అంకె అడుగుతున్నారు. బల్ల దగ్గర చూశాకే ఇస్తానన్నాను.